పొర తియ్యని కూలర్

పొద్దున్నే కాఫీ తాగి కంప్యూటర్ విప్పడం ఆవిడకి అలవాటు. వీధి చివర కంప్యూటర్ల షాపువాడు కొత్త సరుకు తెప్పించే ముందు ఒక్కటి తెచ్చి ఆవిడ బల్ల మీద పడేసి పోతాడు. ఆవిడ మంచిదంటే మంచిది, చెత్తంటే చెత్త. ఇవాళ వచ్చింది ప్రాసెసర్ మీద బిగించే ఎయిర్ కూలర్. చవకది. రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు, అరచేతంత ఫ్యాను.

చేతులు వేడిని లాగే పేస్టు పూసి కూలర్ బిగిస్తున్నాయే గానీ మనసు అక్కడ లేదు. వెనక గదిలో మొగుడు పెట్టెలు కడుతున్నాడు. ఒకరు "నీ ఇష్టం" అంటే ఇంకొకరు "నీ ఇష్టం" అన్నారు, అంతే, కాపురం రెండు ముక్కలైంది. కాసేపట్లో వ్యాను వస్తుంది. అతను వెళ్ళడం ఆవిడకి చచ్చినా ఇష్టం లేదు. ఆ మాట మాత్రం నోరు దాటి రాదు. ఏం పంతమో, ఏమో!

అన్నట్టు, ఆ ఇంట్లో ఏ ఫ్యానైనా జోరుగా తిరిగితే దగ్గరున్నవాళ్ళు మింగేసిన మాటలన్నీ బయటపెట్టేస్తుంది. అందుకే చుట్టాలొస్తే కిటికీలు తెరుస్తారు గానీ ఫ్యాను వెయ్యరు. ఈమధ్య ఇద్దరూ చెమటలు కక్కుతున్నారే గానీ స్విచ్ జోలికి పోలేదు. కూలర్ ఫ్యానుతో భయం లేదు, అది నెమ్మదిగా తిరిగే రకం.

కూలర్ ఎంత తట్టుకుంటుందో చూద్దామని కంప్యూటర్‌కి బండెడు పని పెట్టింది. వేడి ఎనభై డిగ్రీలు దాటింది, తొంభై దాటింది. ఫ్యాను జోరందుకుని గొల్లుమంది. ఆవిడ కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరిగింది.

"ఛీ, పనికిమాలిన కూలర్!"

"కత్తెరెక్కడ?" అంటూ అతను వచ్చాడు.

"నీ ఎదురుగానే ఉంది."

బయట వ్యాను హారన్ కొట్టింది. అప్పుడే ఫ్యాను అతని గొంతుతో అంది: "పోవద్దని ఒక్కసారి అనవే. పెట్టెలన్నీ విప్పేస్తాను."

అతను తల దించుకున్నాడు. తర్వాతి వంతు తనదేనని తెలిసి ఆవిడ గబుక్కున కంప్యూటర్ ఆపేసింది. కూలర్ ఊడదీసింది. అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర వేడిని అడ్డుకుంటూ అలాగే ఉంది.

"పొర తియ్యడం మర్చిపోయాను," అంది.

"నువ్వా?" అతనికి నవ్వొచ్చింది.

పొర పీకి, పేస్టు మళ్ళీ పూసి బిగించింది. ఈసారి వేడి అరవై దగ్గరే ఆగింది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. అది ఇక ఒక్క ముక్క కూడా చెప్పదు. మళ్ళీ హారన్. అతను పెట్టె ఎత్తుకున్నాడు.

"పోవద్దు."

అతను కదల్లేదు.

"పోవద్దంటున్నాగా! చెవుడా?" అని ఏడ్చేసింది.

అతను పెట్టె దించాడు. బయటికెళ్ళి వ్యానువాడికి ఏదో చెప్పి పంపేశాడు.

సాయంత్రం షాపువాడు వచ్చాడు. వాడి కడుపులో ఎలాగూ ఏ మాటా దాగదు.

"ఎలా ఉందమ్మా?"

"చవకైనా మంచిదే. చల్లగా ఉంచుతోంది."

"మరి చప్పుడో?"

ఆవిడ ఫ్యానుని పూర్తి జోరుకి పెంచింది. ఇద్దరూ చెవులొగ్గి విన్నారు. ఉత్త గాలే.

వెనక గదిలో అతను కత్తెరతో పెట్టెల టేపు కోస్తున్నాడు.