పచ్చికాయ

నవంబరు పదిహేడు. పొద్దున చోడంబలి, ఎండుచేప వేపుడు. భానుకి ఆ రోజు వంటతో సహా గుర్తుంది. వడ్డిస్తూనే నోరు జారింది మరి.

విశాఖలోని ఒక కంపెనీకి ఆమె పెదబయలులోని ఇంటినుంచే పనిచేస్తుంది. డాలరు పెరిగితే, చమురు మండితే ఏ వ్యాపారానికి ఎంత ముప్పో లెక్కగట్టి చెప్పే ఆర్థికవేత్త. "మరీ భయపెడతారండీ మీరు" అని నవ్వే మేనేజరు ఆమె రిపోర్టునే మీటింగుల్లో తనదిగా చదువుతాడు. "లోకం మునగడం తర్వాత, పప్పు అడుగంటుతుంది సూడు" అంటుంది అత్త వెంకటలక్ష్మి. ఆ పొద్దున మాత్రం కాఫీ వ్యాపారి అయిన భర్త దుర్గాప్రసాద్ మొదటిసారి ఆమె పని గురించి అడిగాడు. అడిగాడన్న సంతోషంలో చెప్పేసింది: కాఫీ ధర పెరగొచ్చు, నిలబడొచ్చు, పడిపోనూ వచ్చు, మూడూ రాశానని.

అతను మూడోదాన్నొక్కదాన్నే సంతకు పట్టుకెళ్లాడు.

నాలుగు రోజులకు కొండమీది పుట్టింటి ఊరినుంచి పిన్ని ముత్యాలమ్మ వచ్చి దుకాణం ముందు బుట్ట దించింది. అందులో ఒక్క ఎర్ర కాఫీపండు లేదు. అంతా పచ్చికాయే. ఒక మూల మాత్రం, మనవరాలికని, అంటే భాను కూతురికని, ఆకులో చుట్టిన సీతాఫలం.

"ఏటి పిన్నీ, పచ్చికాయ దూసేసినావు?"

"దర కూలిపోద్దని నువ్వే సెప్పినావట గదే. మీ ఆయన సంతంతా సాటినాడు. మన గుంట సదువుకున్నాది, అబద్దమాడదనుకున్నాం. రేపు ఊరంతా దూసేత్తాది."

భాను ఒక కాయ తీసి నొక్కి చూసింది. ఎండితే సగం తూకం తూగని కాయ. ఊరి ఏడాది కష్టం. దుర్గాప్రసాద్‌ని ఎందుకలా చాటావని అడిగితే నవ్వాడు. "బయపడ్డోళ్లు సగం దరకే ఇచ్చేత్తారు. ఎండినాక అన్నీ నలుపే. నా యాపారంలో ఏలెట్టావంటే ఆ ల్యాప్‌టాపు నెత్తినెట్టుకుని కొండెక్కేత్తావు. పిల్ల నా కాడే ఉంటాది."

అన్నంత పనీ చేస్తాడని ఆమెకు తెలుసు. పెద్ద కంపెనీల వాళ్ల ముందు వణకని గొంతు ఈ ఇంట్లో కూర రుచి అడగడానికే వణుకుతుంది. ఎవరెవరి భయాలకో శాతాలు కట్టింది, తన కూతుర్ని పోగొట్టుకునే అవకాశం ఎంతో మాత్రం తేల్చుకోలేకపోతోంది. చెప్పకుండా ఊరుకుంటే? ఎవరూ తప్పుపట్టరు. పిన్ని కూడా అనదు. ఆ అనకపోవడమే ఆమెను ఇంకా భయపెట్టింది.

చీకటి పడ్డాక, దుర్గాప్రసాద్ ముందుగదిలో టీవీ చూస్తుండగా, వంటింట్లో నిలబడి పుట్టింటి ఊరి వాట్సాప్ గ్రూపులో మాట రికార్డు చేయడం మొదలుపెట్టింది.

"నేను భానుని. దర పడిపోద్దని నేను సెప్పలేదు. కాయ ఎర్రబడేదాకా కొయ్యకండి..."

వెనక అడుగుల చప్పుడు. అత్త. భాను వేలు బటన్ మీదే బిగుసుకుపోయింది. ఫోనువైపు, కోడలివైపు వెంకటలక్ష్మి మార్చి మార్చి చూసింది.

"మెల్లిగా సెప్పు, ఆడికి ఇనబడతాది" అంటూ, ముందుగదికీ వంటింటికీ మధ్య తలుపు చప్పుడు కాకుండా మూసి గడియ పెట్టింది.