నూట ఇరవై రెండు

నేను ఒక పిపెట్‌ను. మందు చుక్కలను లెక్క తప్పకుండా పీల్చి వదలడానికి పుట్టినదాన్ని. నా పొట్ట మీద చిన్న కిటికీ ఉంటుంది, నా తల తిప్పితే అందులో అంకె మారుతుంది. అందులో వంద కనబడితే సరిగ్గా వంద కొలతలే తీయాలి. ఫ్యాక్టరీలో నన్ను పదిసార్లు పరీక్షించి పంపారు. మనుషులను కూడా అలా పరీక్షించి పంపితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

హైదరాబాదులో ఒక కేన్సర్ పరిశోధనశాలకు చేరాను. అక్కడ నా నడుముకు కాగితపు టేపు చుట్టి, దాని మీద మల్లేశ్వరి పేరు రాశారు. ఆమెది నరసరావుపేట, పోస్ట్‌డాక్‌గా పనిచేసేది. అంటే డాక్టరేటు వచ్చాక కూడా ఇంకొకరి దగ్గర నేర్చుకుంటూ ఉండడం. విద్యార్థి కాదు, ఉద్యోగీ కాదు, రెంటికీ చెడ్డ రేవడి. ఏటేటా పొడిగింపు కాగితం మీద రత్నం సారు సంతకం పడితేనే మరుసటి ఏడు ఉన్నట్టు. ఆ పరిశోధనశాలకు పెద్ద ఆయనే.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. ఒక విశ్వవిద్యాలయంలో పర్మనెంటు ఉద్యోగం పడింది. వయసు హద్దు ముప్ఫై అయిదు. మల్లేశ్వరికి ఆ డిసెంబరుతో అవి నిండిపోతాయి. ఆమెకు అదే మొదటి గుమ్మం, అదే చివరి గుమ్మం.

అంతకు ముందటి యేడు దసరాకు అందరి పనిముట్లతో పాటు నాకూ బొట్టు పెట్టారు. పెడుతూ పెడుతూ రత్నం సారే నన్ను జారవిడిచారు. నేలకు తగిలి నా లోపల ఏదో పక్కకు తప్పుకుంది. పైకి గీత కూడా పడలేదు. "ఏం కాలేదులే" అని సారు తుడిచి పెట్టేశారు. ఆ రోజు నుంచి నా కిటికీలో వంద ఉంటే నేను తీసేది నూట ఇరవై రెండు. చెబుదామంటే నాకు నోరు లేదు.

ఆ పరిశోధనశాలలో మడి ఎక్కువ. కేన్సర్ కణాలు ఒక గదిలో, ఆరోగ్యమైన కణాలు ఇంకో గదిలో. ఈ గది పిపెట్ ఆ గదిలోకి పోకూడదు. కాబట్టి కేన్సర్ కణాలకు నేను మందు ఎక్కువ పోశాను, పక్క గదిలో నా తోటిది సరిగ్గా పోసింది. ఇక్కడి కణాలు చచ్చాయి, అక్కడివి బతికాయి. కేన్సర్‌నే చంపి మంచి కణాన్ని ముట్టుకోని మందు దొరికిందని సారు మిఠాయిలు పంచారు. పేపరు రాశారు, పేరున్న పత్రిక ఒప్పుకుంది. మల్లేశ్వరి మొదటిసారి నవ్వడం అప్పుడే చూశాను. నాకు సిగ్గేసింది.

ఇంటర్వ్యూ పదిహేను రోజులుందనగా, ఫలితం మరీ బాగుందని మనసు ఒప్పక, ఆమె నాతో నీళ్ళు తీసి త్రాసులో తూచింది. వంద మిల్లీగ్రాములు తూగాలి. నూట ఇరవై రెండు తూగాయి. పదిసార్లు తూచి, స్టూలు మీద కూలబడింది.

"సార్, ఆ ఫలితం మందుది కాదండీ. ఈ పిపెట్‌ది" అంది సారు గదిలో, నన్ను బల్ల మీద పెట్టి.

"నిన్నెవరమ్మా నీళ్ళు తూచమంది?" అన్నారాయన. "ముందు ఉద్యోగం తెచ్చుకో. నిజం ఎక్కడికి పోతుంది? తర్వాత నిదానంగా చెప్పుకోవచ్చు."

"పేషెంట్లకిస్తారేమో సార్ ఆ మందుని. పేపర్లోంచి నా పేరు తీసేయండి."

తీసేశారు. పేపరు మాత్రం వచ్చింది. ఆమె అక్కడి నుంచి వెళ్ళిపోయి పత్రికకు ఉత్తరం రాస్తే వాళ్ళు సారునే అడిగారు. కడుపుమంటతో వెళ్ళిపోయిన మనిషని ఆయన జవాబిచ్చారు. దొంగను పట్టమని దొంగ చేతికే దివిటీ ఇచ్చారు. సారుకు సన్మానాలు జరిగాయి, పేపరుకు అద్దం కట్టి గోడకు తగిలించారు.

తర్వాత వచ్చినవాళ్ళు కొత్త పిపెట్లతో చేస్తే ఆ ఫలితం రాలేదు. నాతో చేస్తే వచ్చేది. దాంతో నాకు హస్తవాసి అంటగట్టారు. ఆ ప్రయోగానికి నన్నే వాడాలట! ఇంత చదివినవాళ్ళలో ఎందుకని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ప్రతి దసరాకూ పెద్ద బొట్టు నాదే.

ఆరేళ్ళకు తనిఖీవాళ్ళు పనిముట్ల కొలతలు సరిచూసిన కాగితాలు అడిగారని సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్త పోస్ట్‌డాక్ సమత నన్ను బాలానగర్‌లో పిపెట్లు బాగుచేసే చోటికి పంపింది. డబ్బా తెరిచిన చేతులను వెంటనే గుర్తుపట్టాను. మల్లేశ్వరి! ఆ ఉద్యోగం రాలేదు, వయసు దాటింది, డాక్టరేటు ఉండి ఈ పనికెందుకని నవ్వినవాళ్ళ మధ్యే ఇక్కడ కుదురుకుందట. పక్క బల్ల ఆవిడకు చెబుతుంటే విన్నాను.

ఆమె నా టేపులు ఒక్కొక్కటే ఊడదీసింది. సమత పేరు, దాని కింద ఇంకెవరిదో, అడుగున తన పేరు. కాసేపు దాన్నే చూసింది. తర్వాత నన్ను విప్పి సరిచేసి, వచ్చినప్పటి కొలత నూట ఇరవై రెండు, ఇప్పుడు వంద అని కాగితం మీద రాసి సంతకం చేసింది. పేరుకు ముందు డాక్టర్ అని కూడా రాసింది. ఈసారైనా ఎవరో ఒకరు చదువుతారని ఆమె ఆశ. నా ఆశ కూడా అదే.

సమత చదివింది. నాతో ప్రయోగం చేస్తే కణాలు చావలేదు. కాగితం పట్టుకుని సారు దగ్గరికి పోయింది.

"ఇన్నేండ్లు ఇది ఎక్కువ పోసిందంట సార్. గందుకే ఇప్పుడు వస్తలేదు."

"బాలానగర్ మెకానిక్కులు దాన్ని పాడుచేశారు. పారేయ్" అన్నారు సారు. ఆగి, మెత్తగా అడిగారు. "నీ పొడిగింపు కాగితం ఈ నెలే కదమ్మా?"

సమత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. నన్ను తీసుకొచ్చి బల్ల కిందున్న పాత సామాన్ల అట్టపెట్టెలో వేసింది. అబద్ధమాడినన్నాళ్ళు బొట్టు పెట్టారు, నిజం చెప్పిన వారానికి చెత్తలో వేశారు. ఏడుద్దామంటే నాకు కన్నీళ్ళు కూడా లేవు.

పెట్టెలోంచి నాకు ఆమె చేతులు కనబడుతున్నాయి. కొత్త పిపెట్‌ను తీసింది, టేపు చుట్టి పేరు రాసుకుంది. దాని కిటికీలో అంకెను నెమ్మదిగా తిప్పింది. వంద దాటింది, నూట పది దాటింది, నూట ఇరవై రెండు దగ్గర ఆపింది. నోటుపుస్తకంలో మాత్రం వంద అని రాసింది.

నేను దెబ్బ తగిలి అబద్ధమాడాను. పాపం, దానికి పైనా లోపలా గీత కూడా లేదు. వచ్చే దసరాకు పెద్ద బొట్టు దానికే.