మేడ వంగే వేళ

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ వంగేది. ఆ వేళకి టైలరమ్మ చేతిలో ఏ పనున్నా ఆపి, కత్తెర ఒళ్ళో వేసుకుని, దారపు ఉండల డబ్బా మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేది. గోడలు చిన్నగా మూలిగి, మేడ కిటికీ వైపుకి ఒరిగి, కాసేపు అలా ఉండి మళ్ళీ నిటారుగా లేచేది. మళ్ళీ వంగేది, మళ్ళీ లేచేది. అన్నీ అయ్యాక ఆమె సూదిలో దారం ఎక్కించుకుని, ఆపిన కుట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టేది. కింద ఇస్త్రీ అతను కూడా అంతే, పెట్టె పక్కకి నిలబెట్టి, మడతపెట్టిన చొక్కాల దొంతరని రెండు చేతులతో వాటేసుకుని నిలబడేవాడు.

పై అంతస్తులో నర్సమ్మ రోజుకి ఐదుసార్లు నమాజు చదువుకుంటూ నుదురు నేలకి ఆనించినప్పుడల్లా మేడ ఆమెతో పాటు వంగేది. కొత్తగా అద్దెకి వచ్చేవాళ్ళకి ఇంటి ఓనరు, నీళ్ళెప్పుడొస్తాయో చెత్త బండి ఎప్పుడొస్తుందో చెప్పినట్టే ఇదీ చెప్పేవాడు. బీరువాల కింద చెక్కముక్కలు పెట్టుకోండి, పొయ్యి మీద పాలుంటే గిన్నె పట్టుకోండి అని. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు.

నర్సు ఉద్యోగం మానేసి చాలాకాలమైనా నర్సమ్మ అన్న పేరు ఆమెని వదల్లేదు. టైలరమ్మ కూతుర్ని ఆస్పత్రిలో మొట్టమొదట ఎత్తుకున్నది ఆవిడే. ఆ చుట్టరికం చాలదా? "పిన్నీ" అని ఈమె, "అమ్మాయ్" అని ఆవిడ. మెట్ల మీద ఎదురైతే చాలు, నర్సమ్మ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి అరగంట నిలబడేది. టైలరమ్మ పొయ్యి మీద పెట్టింది మాడేది.

అయితే ఇంత చనువున్నా టైలరమ్మ కడుపులో ఒక ముల్లుంది. అది ఎవరికీ చూపించుకునే ముల్లు కాదు. చర్చిలో ఆమె ప్రార్థన ఎత్తుకుందంటే రాతి గుండెలు కూడా కరుగుతాయని పేరు. గురువారం స్త్రీల కూడికలో చివరి ప్రార్థన ఎప్పుడూ ఆమెదే. కొంగులు తడవకుండా ఒక్కరూ ఇంటికి వెళ్ళేవారు కారు. అలాంటి మనిషి ఇంట్లో మోకరించి గొంతు బొంగురుపోయేలా ప్రార్థిస్తే కిటికీ తెర కూడా కదిలేది కాదు. పైన ఆ ముసలావిడ కిక్కురుమనకుండా తల దించితే మేడకి మేడే వంగుతోంది! దేవుడితో పంతానికి పోలేక, ఆ కోపం కుట్టుమిషను మీద చూపించి సూదులు విరగ్గొట్టుకునేది.

ఆ ఏడు పాస్టరుగారు కూడికలో ఒక మాటన్నారు. "మన చుట్టూ ముస్లింలున్నారు. వాళ్ళ విశ్వాసం ఏమిటో మనకి తెలీదు. తెలీకుండా మాట్లాడ్డం అబద్ధ సాక్ష్యమే అవుతుంది. మన విశ్వాసం వదులుకోమని నేను చెప్పడం లేదు, తెలుసుకోమంటున్నాను."

తెలుసుకుందామని అందరికంటే ముందు చెయ్యెత్తింది టైలరమ్మే. చిన్న చిన్న పుస్తకాలు తెప్పించారు, చదివారు, ఒకళ్ళకి తెలియని సంగతి ఇంకొకళ్ళు అరటిపండు ఒలిచినట్టు చెప్పుకున్నారు. నిజం చెప్పాలంటే ఆమెకి లోపల ఒక బెదురు కూడా ఉండేది. మరీ శ్రద్ధగా వింటే తనలో ఏదైనా వదులైపోతుందేమోనని. ఒక గురువారం పాస్టరుగారి భార్య నవ్వుతూ అంది, "పైన మనిషిని పెట్టుకుని ఈ పుస్తకాలెందుకు? మీ పిన్నిగారిని పిలవకూడదూ?"

అలా ఆ కూడిక టైలరమ్మ ఇంట్లో పెట్టారు. మిషను గోడవారకి జరిపి చాపలు పరిచారు. నర్సమ్మ ఉతికిన తెల్లటి ముసుగు వేసుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చి, కుర్చీ వేస్తే వద్దని అందరితో పాటు చాప మీదే కూర్చుంది.

"నాకు పెద్దగా చదువు రాదమ్మా. తెలిసింది చెప్తాను. తప్పుంటే తప్పు నాదే, నా ధర్మానిది కాదు," అని మొదలుపెట్టింది.

మరియమ్మ గురించి చెప్పింది. ప్రసవపు నొప్పుల్లో ఆ తల్లి ఒంటరిగా ఒక ఖర్జూరపు చెట్టు మొదట్లో కూర్చుని, ఇంతకన్నా ముందే చచ్చిపోయినా బాగుండేదని ఏడ్చిందట. "నా చేతుల మీదుగా ఎందరో కన్నారు. ప్రతి తల్లీ ఆ మాటే అంటుంది. ఆ మాట మా గ్రంథంలో ఉందని తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉండేది," అంది. ఆడవాళ్ళంతా చెవులప్పగించి వింటున్నారు.

"మరి యేసయ్యని దేవుని కుమారుడని ఒప్పుకుంటారా?" అని ఎవరో అడిగారు.

"అలా అనమమ్మా. ప్రవక్త అంటాం. మీకూ మాకూ అక్కడ తేడా ఉంది, దాచడం దేనికి? కానీ ఆయన పేరెత్తితే ఆయనకి శాంతి కలగాలని అనకుండా ఉండం."

"నమాజులో దేవుణ్ణి ఏమేం అడుగుతారు?" ఈసారి అడిగింది టైలరమ్మ.

"అడగడం తర్వాతమ్మాయ్. ముందు తల దించడమే. ఒక్కోసారి అడగాల్సింది మర్చిపోతాను కూడా."

అందరూ ఘొల్లున నవ్వారు. పాస్టరుగారి భార్య కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ తన ప్రార్థనకి తడిసిన కళ్ళు ఈవిడ మతిమరుపు మాటకి తడవడం టైలరమ్మ చూసింది. కడుపులో ముల్లు కలుక్కుమంది.

చివర్న అలవాటు ప్రకారం ఆమె ప్రార్థన ఎత్తుకుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అన్నారు కదా అని నర్సమ్మ కూడా, తన పద్ధతిలో, రెండు అరచేతులూ తెరిచి గుండె ఎదురుగా పట్టుకుంది. "మహోన్నతుడవైన తండ్రీ" అని మొదలై, కూడిక కోసం, ఇంటి కోసం, పిల్లల కోసం స్తోత్రాలయ్యాయి. అక్కడ ఆపి ఉంటే ఈ కథే లేదు. గొంతు ఒక మెట్టు పైకెక్కింది. "ప్రభువా, చీకటిలో ఉన్న ఈ తల్లిని కనికరించు. అబద్ధ బోధ నుంచి ఆమెని విడిపించు. ఆమె కళ్ళకి కమ్మిన పొరలు తొలగించు. ఇన్నేళ్ళ ఆమె వ్యర్థమైన మొక్కులని క్షమించు."

మధ్యలో టైలరమ్మ కళ్ళు కాస్త తెరిచింది. నర్సమ్మ అరచేతులు నెమ్మదిగా, బరువేదో పెట్టినట్టు, కిందకి దిగుతున్నాయి. దిగి దిగి ఒళ్ళోకి వచ్చి, ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి. టైలరమ్మ అది చూసింది. చూసి కూడా ఆపలేదు. ఇంకా గొంతు పెంచి, ఆమెన్ దాకా వెళ్ళింది.

"వస్తానమ్మా," అని నర్సమ్మ లేచింది. గుమ్మం దాకా సాగనంపడానికి కూడా ఎవరికీ కాళ్ళు రాలేదు.

టైలరమ్మ భర్త బస్సు డ్రైవరు. లోపలి గదిలో పడుకుని అంతా విన్నాడు. అందరూ వెళ్ళాక చాపలు చుడుతూ అడిగాడు. "ఇందాక నువ్వు మాట్లాడింది దేవుడితోనా, పిన్నితోనా?"

"ఆవిడ మంచి కోరే కదా!" అంది టైలరమ్మ.

"మంచి కోరినట్టు లేదు. కుస్తీ పట్టినట్టుంది."

ఆమె తేలు కుట్టిన దొంగలా మిషను ముందు కూర్చుని, కుట్టిన అంచునే మళ్ళీ కుట్టింది.

ఆ సాయంత్రం మేడ వంగలేదు. మర్నాడూ వంగలేదు. కప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, తలుపులు తీసినవి తీసినట్టే ఉన్నాయి. మొదట అందరూ హాయిగానే ఉందనుకున్నారు. తర్వాత ఏదో లోటుగా, ఇల్లు ఊపిరి బిగబట్టినట్టుగా అనిపించసాగింది. "పైన పిన్నిగారికి ఒంట్లో బాలేదామ్మా?" అని ఇస్త్రీ అతను అడిగితే, "ఏమో, నాకేం తెలుసు" అంది. ఆ అబద్ధం నాలుక మీద చేదుగా అతుక్కుపోయింది.

సంగతి ఆమెకి తెలుసు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. నమాజు వేళ అయ్యేసరికి నర్సమ్మ కర్ర పట్టుకుని, ఆ మోకాళ్ళతో మెట్లన్నీ దిగి, వీధి చివర చెల్లెలింటికి వెళ్తోంది. చదువుకుని మళ్ళీ వచ్చి, మెట్ల మలుపులో ఆగి ఆయాసం తీర్చుకుని పైకెక్కుతోంది. ఎండలో, వానలో. ఆ కర్ర చప్పుడు విన్నప్పుడల్లా టైలరమ్మకి తల కొట్టేసినట్టయ్యేది. తలుపు వెనక నిలబడి, ఆవిడ దాటి వెళ్ళిపోయేదాకా గడియ తియ్యడానికి చెయ్యొచ్చేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక మంచి పూల గుడ్డతో దిండు గలీబులు కుట్టి పైకి తీసుకెళ్ళింది. "పిన్నీ, ఆ రోజు... మా ప్రార్థనలో అలాంటి మాటలు మామూలే. మా ఉద్దేశం మంచిదే. మీరు మనసులో పెట్టుకోకండి."

నర్సమ్మ గలీబులు అందుకుని నిమిరింది. "చాలా బావున్నాయండీ. మీకెందుకు శ్రమ?" అంది.

అమ్మాయ్ అనలేదు. టైలరమ్మ మెట్లు దిగుతూ, చెంపదెబ్బ కొట్టినా బాగుండేదనుకుంది. క్షమించమని అడగడానికి వెళ్ళి, క్షమించడం ఆవిడ బాధ్యత అన్నట్టు చెప్పి వచ్చింది. ఆ సంగతి కిందకి దిగాక తెలిసొచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకి వీధిలో లారీ ఆగింది. నర్సమ్మ చెల్లెలింటికే మకాం మార్చేస్తోందట. రోజూ తిరగలేకపోతోందని ఇంటి ఓనరు చెప్పాడు. కూలీలు మంచం దించారు, గిన్నెల మూటలు దించారు. టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఒక్కో సామాను దిగే చప్పుడూ విన్నది. ఇంక ఈ చప్పుళ్ళు అయిపోతే ఆ మనిషి జన్మలో తన గడప తొక్కదు. దానికి కారణం తను తప్ప ఇంకెవరూ కాదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పైకెళ్ళింది.

గది ఖాళీగా ఉంది. కూలీలు బీరువా ఎత్తుకుని అప్పుడే మెట్ల మలుపు దాకా వెళ్ళారు. నమాజు వేళ మించిపోతోందని కాబోలు, నర్సమ్మ బోసి గదిలోనే చాప పరుచుకుని చదువుకుంటోంది. టైలరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళు కింద డబ్బా పట్టుకుని కూర్చుంది, అన్ని పుస్తకాలు చదివింది, కానీ ఆవిడ నమాజు చదువుకోవడం కళ్ళారా చూడటం అదే మొదటిసారి. ముసలి ప్రాణం గోడ పట్టుకుంటే గాని వంగలేకపోతోంది. మోకాళ్ళు కటకటమన్నాయి. నుదురు నేలకి ఆనింది. మేడ ఎన్నాళ్ళకో నిట్టూర్చి, మెల్లగా ఒరిగింది. పగిలిన అరికాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

నేను ఓడించాలనుకున్నది ఈవిడనా, అనుకుంది టైలరమ్మ. సిగ్గుతో ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడింది. మనసులో ఉన్నది తన యేసయ్యే, వేరెవరూ కాదు. కానీ గొంతులోంచి ఒక్క మాట రాలేదు. అడగడానికి ఏమీ తోచలేదు. తల దించుకుంది, అంతే.

నర్సమ్మ కుడి భుజం వైపు, ఎడమ భుజం వైపు సలాం చెప్పి ముగించింది. మేడ లేవలేదు. కిటికీ రెక్కలు ఒక పక్కకి వేలాడుతూనే ఉన్నాయి.

మెట్ల మీంచి కూలీ కేకేశాడు. "అమ్మా! బీరువా మలుపులో ఇరుక్కుంది. మేడ ఇంకా లేవదేంటి?"

"నేను లేచాను నాయనా," అంటూ నర్సమ్మ వెనక్కి తిరిగింది. గుమ్మంలో మోకరించిన మనిషిని చూసింది.

"లే అమ్మాయ్. పాపం, వాళ్ళు మోస్తున్నారు."

టైలరమ్మకి అప్పుడర్థమైంది. మేడ ఆగింది తన కోసం. ఎన్నేళ్ళుగానో కోరుకున్నది జరిగేసరికి, మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. తను లేవకపోతే బీరువా కదలదు, పిన్ని వెళ్ళలేదు. ఆ ఆలోచన వచ్చిందో లేదో, మళ్ళీ ఆవిడ మీద బలవంతమేనా అనిపించింది.

"లేస్తాను పిన్నీ. ఒక్క మాట చెప్పి లేస్తాను. ఆ రోజు ప్రార్థన మీ కోసం చెయ్యలేదు. మీరు తల దించితే మేడ వంగుతుందని నాకు కుళ్ళు. మీ చేతులు దిగిపోవడం చూశాను. చూసి కూడా ఆపలేదు. మిమ్మల్ని కొట్టడానికి నా దేవుడి పేరు కర్రలా వాడుకున్నాను. తప్పు చేశాను."

ఇంకేమీ కలపకుండా, తలుపు పట్టుకుని లేచి నిలబడింది. మేడ కూడా లేచింది. "ఆ, ఇప్పుడొచ్చింది! పట్టు, పట్టు," అని కూలీలు బీరువా దించబోయారు.

నర్సమ్మ కర్ర ఊతంతో మెట్ల దాకా వచ్చి తొంగి చూసింది. "బాబూ, కిందకి కాదు. పైకి తెచ్చెయ్యండి. మీ కూలి మీకిచ్చేస్తాను."

కూలీలు తిట్టుకోవడం పై దాకా వినిపించింది. టైలరమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. కాళ్ళ మీద పడబోతే నర్సమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

"ఉండు, వంగకు. నేనింకా పూర్తిగా క్షమించలేదు. దానికి టైం పడుతుంది. ముందు ఈ సంగతి తేల్చు. ఇద్దరం ఒకేసారి వంగామంటే ఈ మేడ కూలుతుంది. నా వేళలు నీకు తెలుసు. నీ వేళలేమిటో చెప్పు, తప్పించుకుని చదువుకుంటాను."

టైలరమ్మ చర్చిలో, కూడికలో, పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎన్ని ప్రార్థనలు చేసిందో లెక్కలేదు. అన్నీ గుర్తు చేసుకుంది. ఇంట్లో మోకరించినవి కూడా, భర్తో కూతురో పక్క గదిలో ఉన్నప్పటివే. ఎవరూ వినకుండా చేసిన ప్రార్థన ఒక్కటైనా గుర్తుకి వస్తుందేమోనని వెతుక్కుంది.

"నాకు వేళల్లేవు పిన్నీ," అంది తల దించుకుని. "ఎవరైనా వింటుంటేనే చేసేదాన్ని."

నర్సమ్మ చుట్టబోయిన చాపని మళ్ళీ పరిచి, ఒక పక్కకి జరిగి కూర్చుని, ఆమెకి చోటు చూపించింది.

"అయితే కూర్చో," అంది. "ఒక వేళ పెట్టుకుందాం."