చేట అందినంత మేర

తవిటమ్మకు వరసకు బావ అయిన గణపతిరావు పంతొమ్మిది వందల అరవై ఆరులో, ధాన్యం నూర్చుకునే తన కళ్ళం ఉన్న చోట స్లాబు ఇల్లు లేపాడు. పొందూరు చుట్టుపక్కల అలాంటిది లేదని ఒకటే గొప్ప. ఆ గొప్ప గోడ దగ్గర ఆగినా బాగుండును. వసారా స్లాబును నాలుగు మూరలు ముందుకు లాగి, పక్కనున్న తవిటమ్మ కళ్ళం నెత్తిన పెట్టాడు. ఆమె కళ్ళంలో గాలి తగిలే చోటు అదొక్కటే.

"నేల నీదేనే, కాదన్నదెవలు? ఆకాశానికి కూడా పట్టా ఉన్నాదేటి నీకు?" అన్నాడు.

ఆ ఏడు తవిటమ్మ వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి, పరాయి కళ్ళాల్లో ధాన్యం తూర్పారబట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది. కోతలవగానే శ్రీకాకుళం వెళ్ళి దావా వేసింది.

మరుసటి కోతలకు, చోటు చూసి రమ్మని కోర్టువారు వకీలు వేంకటాచలాన్ని పంపారు. ఆయన టేపు పరిచి నేలంతా కొలిచాడు. హద్దు జానెడు కూడా జరగలేదు.

"ఆక్రమణ ఏమీ కనిపించడం లేదమ్మా."

గణపతిరావు మీసం దువ్వుకున్నాడు.

"నేల కొలిసినారు బాబూ. నా పని జరిగే సోటు కొలవనేదు" అంది తవిటమ్మ.

స్లాబు కింద ఎత్తుపీట వేసి, ఎక్కి, ధాన్యం చేట పైకెత్తింది. చేట ఠపీమని స్లాబుకు కొట్టుకుంది. చేట దించి, భుజాల దగ్గర నుంచే పోసింది. గింజా తాలూ కలిసి ఒకే కుప్పగా పడ్డాయి.

"కళ్ళమంటే నేలొక్కటే కాదు బాబూ. పీటెక్కి సేటెత్తితే ఎంతవరకూ అందుతాదో అంతవరకూ నాదే. ఆ పైన మా బావ ఇమానాలు తిప్పుకున్నా నాకు పన్లేదు."

వేంకటాచలం నవ్వాడు. పీటను ఆరుబయటికి జరిపించి, "చేట అలాగే ఎత్తి పట్టుకో తల్లీ" అని టేపును నిలువుగా పట్టాడు. పది అడుగుల రెండంగుళాలు. కాగితం మీద రాసుకున్నాడు.

తీర్పు తవిటమ్మకే వచ్చింది. గణపతిరావు గొణుక్కుంటూనే ముందుకొచ్చిన స్లాబు కొట్టేయించాడు.

ఆ పై కోతలకు తవిటమ్మ పీటెక్కి చేతులు చాచినంత మేర చాచింది. తాలు అంత దూరాన పడుతుంటే ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు గోడవార గణపతిరావు కనిపించాడు. చంకలో విత్తనాల ధాన్యం గంప. సొంత కళ్ళం మీద ఇల్లు కట్టుకున్నవాడు, రెండేళ్ళుగా అతనూ తూర్పారబట్టే చోటు కోసం ఊరి మీద పడి తిరుగుతున్నాడు.

కాసేపు నిలబెట్టింది; ఆ మాత్రం హక్కు తనకుందనుకుంది. తర్వాత దిగి, పీట అతని వైపు తోసింది.

"ఎక్కు బావా. సేట బాగా పైకెత్తు, ఏటీ తగల్దు."