పారేయకూడని క్యాలెండర్లు

చిన్న మంగళారంలో సరోజమ్మ ఇంట్లో ఒక మనిషి నిద్రపోవడానికి మాత్రం చోటు లేదు. మిగతా అన్నిటికీ ఉంది. తిరగని టేబుల్ ఫ్యాను ఉండొచ్చు. మూత లేని కుక్కర్ ఉండొచ్చు, కుక్కర్ లేని మూత ఇంకోటి ఉండొచ్చు. మండలాఫీసులో అటెండరుగా చేసే మొగుడు స్వామిదాసు, పనికొస్తాయని మోసుకొచ్చిన విరిగిన కుర్చీలు మూడు దర్జాగా ఉండొచ్చు. కూతురు జెన్నీ కాళ్లు చాపుకోవడానికే వీల్లేదు.

జెన్నీకి మాదాపూర్‌లో కాల్‌సెంటర్ ఉద్యోగం. ఊరు పడుకునే వేళ అమెరికావాళ్ల క్రెడిట్ కార్డుల గోస వింటుంది. పొద్దున ఏడింటికి కంపెనీ క్యాబు మొయినాబాద్‌లో దింపితే ఆటోలో ఇల్లు చేరుతుంది. లోపలి గదిలో మంచం సగం సంచులది, సగం ఆమెది. పక్కకు ఒత్తిగిలితే ఏదో ఒక కట్ట వచ్చి నెత్తిన పడుతుంది.

"మమ్మీ, ఒకటో తారీకు దాక చూస్త. గది ఖాళీ అయితె ఇంట్లనే ఉంట. లేకుంటె హాస్టల్ల బెడ్ మాట్లాడిన," అన్నది ఒకరోజు, కళ్లు నలుపుకుంటూ. ఆఫీసులో ఎవరో మెయిల్ చేస్తే ప్రింటు తీసిన కాగితం కూడా తల్లి చేతిలో పెట్టింది. ఇల్లు చూస్తేనే గుండె దడ పుట్టేవాళ్లు ఏం చేయాలో అందులో ఉంది. ఒక మూల నుంచి మొదలుపెట్టాలట. మూడు కుప్పలు చేయాలట: ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి.

సరోజమ్మకు దడ నిజంగానే పుట్టింది. బిడ్డ హాస్టల్‌కు పోతే ఇంట్లో తనతో మాట్లాడే దిక్కు ఉండదు. స్వామిదాసుకు ఆయన సామానుతోనే సరిపోతుంది. కొంగు నడుముకు దోపి మూలకు కూర్చుంది.

ఆ మూలలో ఉన్నవి పద్నాలుగేళ్ల చర్చి క్యాలెండర్లు. ప్రతి కాగితం మీదా బైబిలు వాక్యం ఉంది. దేవుని వాక్యాన్ని ఎవరైనా చెత్తలో వేస్తారా? పక్కకు పెట్టింది. ఆగిపోయిన గడియారం తీసింది. దాని మీదా వాక్యమే. చర్చి వార్షికోత్సవంలో ఇచ్చిన స్టీలు గ్లాసులు, ప్లాస్టిక్ బుట్టలు, ఆఖరికి చిల్లుపడ్డ గుడ్డసంచి... అచ్చువేసేవాళ్లు దేన్నీ వదిలిపెట్టలేదు. సాయంత్రానికి మూడు కుప్పలూ తయారయ్యాయి. ఉంచేవి మంచమంత ఎత్తున ఉన్నాయి. ఇచ్చేవాటిలో ఒక సొట్ట గిన్నె ఉంది. పారేసేవాటిలో జెన్నీ ఇచ్చిన ప్రింటు కాగితం ఒక్కటే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ ఉండగానే, సాముయేలు పాస్టరును అడిగేసింది. "అయ్యగారూ, పాత క్యాలెండర్లు ఏం చెయ్యాలె?"

"కాలబెట్టొద్దు, చెత్తల ఎయ్యొద్దు. గౌరవంగ మట్టిల పెట్టాలె," అన్నాడాయన. అంతటితో ఆగితే బాగుండేది. "ఇంతమందిల ఈ ఆలోచన సరోజమ్మ సిస్టర్‌కే వచ్చింది. పాతవి ఉన్నోళ్లంత ఆమె ఇంట్ల ఇయ్యున్రి. అన్ని కలిపి ఒక్కసారే పెడదాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లుగా చర్చికి వస్తున్నా సరోజమ్మకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జాగా లేదని చెప్పాల్సింది అక్కడే. ఆమె ముసుగు సర్దుకుని నవ్వింది.

ఇక చూడాలి. ఊళ్లో ప్రతి ఇంటి అటక మీదా ఇదే బాధ ఉందని అప్పుడే తెలిసింది. సంచులు వచ్చాయి, గోనెలు వచ్చాయి. గుంత తవ్వుదామని స్వామిదాసు పార పట్టుకుని ఖాళీ జాగాలోకి పోతే, ఎవరో మోటారుసైకిల్ మీద ఉరికొచ్చాడు. "ఇది ప్లాటు, గజం రేటెంతో ఎరుకేనా?" అని గద్దించాడు. ఆ రోజుల్లో ఊరి చుట్టూ మట్టి ఉంది గాని, పార పెట్టనిచ్చే మట్టి లేదు. పాస్టరు గారు చర్చి కమిటీ కూర్చోవాలన్నారు. కమిటీ కూర్చుంది, చాయ్ తాగింది, వచ్చే నెల చూద్దామని లేచింది.

"ఇంక తేవొద్దని చెప్పు మమ్మీ," అన్నది జెన్నీ.

"ఎట్ల చెప్తనే? నలుగుర్ల మెచ్చుకున్నరు."

ఒకటో తారీకు పొద్దున జెన్నీ వచ్చేసరికి మంచం మీద తన సగంలో పక్కింటి కరుణమ్మ ఇచ్చిన గోనె పడుకుని ఉంది. జెన్నీ తన బట్టలు రెండు బ్యాగుల్లో సర్దుకుంది.

"కోపమొచ్చిందా బిడ్డా?"

"కోపం కాదు మమ్మీ. నిద్రొస్తున్నది," అని ఆటో ఎక్కింది.

"ఫికర్ చెయ్యకు, జర జాగ దొరికింది," అని స్వామిదాసు భార్యను ఓదార్చాడు. ఓదార్చడంలో ఆయనకు సాటి లేరు.

సరోజమ్మ మంచం మీది గోనెలూ సంచులూ ఒక్కొక్కటే ఈడ్చి వాకిట్లో పడేసింది. నెలంతా కాని పని గంటలో అయిపోయింది. మంచం దులిపి, ఉతికిన దుప్పటి పరిచింది.

మధ్యాహ్నం కరుణమ్మ ఇంకో మూట చంకన పెట్టుకుని వచ్చింది. "అటక మీద ఇంకిన్ని దొరికినయి వదినె."

"జాగ లేదు," అన్నది సరోజమ్మ.

కరుణమ్మ లోపలికి తొంగిచూసింది. "గంత మంచం ఖాళీగనే ఉన్నది కద?"

"ఖాళీగనే ఉన్నది." సరోజమ్మకు ఏడుపు ఆగలేదు. "నా బిడ్డ ఉన్నప్పుడు చెప్పవలసిన మాట, వదినె. అది పోయినంక చెప్తున్న. తీస్కపో."