షెరీఫ్ గారి మూడువందల ఓట్లు

అడిగినవాళ్ళకి మొహం మీద లేదనకూడదట. మావాళ్ళ ఆ మర్యాదే ఒక పెద్దమనిషి కొంప ముంచింది.

వెండెల్ ప్రూయిట్ పన్నెండేళ్ళు షెరీఫ్‌గా కౌంటీ పోలీసులందరినీ నడిపి రిటైరయ్యాడు. తర్వాత రాష్ట్ర శాసనసభకి పోటీచేశాడు, ఓడిపోయాడు. మళ్ళీ చేశాడు, మళ్ళీ ఓడిపోయాడు. 2012లో మూడోసారి నిలబడ్డాడు, డెబ్భై ఒకటో ఏట, గుండెలో రెండు స్టెంట్లతో. ఇదే ఆఖరని భార్య లొరెటాకి మాటిచ్చాడు.

మా ఆయన జగదీష్ మోరిస్‌విల్‌లో మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. వినాయక చవితి భోజనాలకి ప్రూయిట్ గారిని పిలిచి, శాలువా కప్పి, "మా మూడువందల ఓట్లూ మీవే సార్" అన్నాడు. "నాకు ఓటేసేదెవరు?" అని ఆయన అడిగితే హాలంతా చేతులెత్తింది. సగంమందివి ఉద్యోగం వీసాలు. మిగతావాళ్ళు గ్రీన్‌కార్డుల దగ్గరే ఆగిపోయినవాళ్ళు. ఓటుహక్కున్న సిటిజన్లు పట్టుమని పదిహేను మంది లేరు!

ఇంటికెళ్తూ కార్లో జగదీష్‌ని నిలదీశాను. "ఓట్లు లేవని చెప్పి ఏడవచ్చుగా!"

"అంత ఆశగా అడుగుతుంటే నో అంటామా ఉమా? పాపం, హర్ట్ అవుతాడు. ఊరుకో."

ఊరుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. ఆ మనిషి పాత స్నేహితులున్న పొగాకు పొలాల వైపు వెళ్ళడం మానేసి, అక్టోబరు శనివారాలన్నీ మా అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగాడు. తలుపు తీసిన ప్రతివాళ్ళూ కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "షూర్ సార్" అన్నారు.

తొంభై ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

వారం తర్వాత థాంక్స్ చెప్పడానికి భార్యతో మా ఇంటికొచ్చాడు. నేనిచ్చిన టీ కప్పు అందుకున్నాడు.

"అందరూ వదిలేసినా మీరు వదల్లేదు. మీ మూడువందల మంది ఉండగా నాకేం? ఇంకోసారి నిలబడతాను," అన్నాడు.

లొరెటా తల దించుకుంది. జగదీష్ నవ్వుతూ తలూపుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

"సార్, మాలో ఓటున్నవాళ్ళు పధ్నాలుగు మందే," అనేశాను.

ఆయన నా వంక చూశాడు, జగదీష్ వంక చూశాడు. కప్పు బల్లమీద పెట్టి, కోటు తీసుకుని బయటికి నడిచాడు. జగదీష్ "సార్, సార్" అంటూ వెనకాల పరిగెత్తాడు.

లొరెటా నా చెయ్యి పట్టుకుంది.

"మీవాళ్ళకి ఓట్లున్నాయో లేదో కనుక్కోమని ఆయనకి నేను సెప్టెంబరులోనే చెప్పాను. 'వాళ్ళు నాతో అబద్ధమాడరు' అన్నాడు."