మన గోరింట

కడప యెర్రముక్కపల్లెలో వాసుదేవ్ ఇంటి చుట్టూ ఉన్న గోరింట కంచెను పద్దెనిమిదేళ్లుగా గాబ్రియేలే కత్తిరిస్తున్నాడు. నెలకు రెండు శనివారాలు వచ్చి, పెద్ద కత్తెరతో కంచె చుట్టూ తిరిగి, టీ తాగి వెళ్లేవాడు. ఎప్పుడూ దాన్ని ‘మన గోరింట’ అనేవాడు.

2009లో వాసుదేవ్ బట్టల కొట్టు తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. పొద్దు గడవక ఇల్లంతా తిరుగుతున్న రోజుల్లో, పంపుసెట్ల దుకాణానికి బ్యాటరీతో కంచె కత్తిరించే మిషన్లు వచ్చాయని తెలిసింది. వెళ్లి చూసొచ్చాడు. ఇక తన కంచె తానే కత్తిరించుకోవాలని ముచ్చటపడ్డాడు. ముచ్చట బాగానే ఉంది, ఆ మాట గాబ్రియేలుకు చెప్పడమే మిగిలింది. బేరాలాడే వాళ్లకు నలభై ఏళ్లు నవ్వుతూ కుదరదని చెప్పిన నోరు ఈ ఒక్క మనిషి ముందు పెగల్లేదు.

“గాబ్రియేలప్పా, మనకొక మిషన్ తీసుకుందాం. యాది మంచిదో నువ్వే చూడల్ల” అన్నాడు చివరికి.

‘నాకు’ అనాల్సినచోట ‘మనకు’ అన్నాడు. పోనీ నోరు జారిందనుకుందామంటే, జారిందని తెలిసీ సర్దుకోలేదు. గాబ్రియేలు ముఖం వెలిగిపోయింది. కత్తెరతో భుజాలు పోతున్నాయని, మిషన్ వస్తే ఇంకో పదేళ్లు ఢోకా లేదని అన్నాడు. వాసుదేవ్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

దుకాణానికి గాబ్రియేలు జేబులో గోరింట పుల్ల ఒకటి వేసుకొచ్చాడు, కంచెలో అన్నిటికంటే లావుది. మొదటి మిషన్ పళ్ల మధ్య ఆ పుల్ల దూరలేదు. రెండోది పొడుగు కత్తిది, బరువైనది. దాన్ని భుజం దాకా ఎత్తి చూసి మురిసిపోయాడు. కరెంటు పోయినా కంచె మొత్తం అయ్యేదాకా బ్యాటరీ వస్తుందా అని అడిగాడు. ఇదే ఖాయం అనుకుంటుండగా దుకాణదారు నవ్వాడు.

“తీసుకో వాసుదేవన్నా. ఇంక మనిషితో పనిలేదు, అంతా నేనే చేసుకుంటా అంటివి గదా మొన్న.”

వాసుదేవ్‌కు తల కొట్టేసినట్టయింది. గాబ్రియేలు పెద్ద మిషన్‌ను మెల్లగా కింద పెట్టి, మూడోది, పొట్టి కత్తి ఉన్న తేలికపాటిది తీశాడు. దాని పళ్లలో పుల్ల పెట్టి చూసి, వాసుదేవ్ చేతికిచ్చి పైకెత్తమన్నాడు.

“ఇదే మేలయ్యా. ఆ పెద్దది మీ కుడిచేతికి ఆగదు. స్కూటర్ మీంచి పడి మణికట్టు ఇరిగింది గదా.”

మిషన్ కొని ఇంటికి వచ్చాక గాబ్రియేలు కంచె కింద వెడల్పుగా, పైన సన్నంగా ఎలా కొయ్యాలో ఓపిగ్గా చూపించాడు. తర్వాత మోటారు గది గోడకు వేలాడుతున్న తన కత్తెర తీసి, తుడిచి, గోనెపట్టాలో చుట్టుకున్నాడు.

“ఎండాకాలంలో మీ గోరింటను మరీ పొట్టిగా కొయ్యొద్దండయ్యా. మాడిపోతాది.”

ఆ ‘మీ’ వాసుదేవ్‌కు స్పష్టంగా వినబడింది. వచ్చే శనివారం రాప్పా అన్నాడు, సిగ్గు చంపుకుని.

“ఎందుకయ్యా?” అన్నాడు గాబ్రియేలు. ఆ గొంతులో కోపమేమీ లేదు. నిజంగానే అడిగాడు. గోనెపట్టా చంకలో పెట్టుకుని, గేటు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

వాసుదేవ్ మిషన్ ఆన్ చేసి ఒక వరస పూర్తిగా కోశాడు. చెయ్యి ఏమాత్రం నొప్పి పుట్టలేదు. పుట్టి ఉంటే బాగుండుననిపించింది.